కోడిపుంజు ఫొటో ఒక్కటే మిగిలింది

ఎనిఫా హార్డ్ డిస్కుని కొండకోతి ఎత్తుకుపోయిందని విన్నప్పుడు జోంబాలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ ఊళ్ళో కోతులకి అప్పజెప్పిన వస్తువు ప్రతి ఇంటికీ ఒకటుంది. పాస్టరుగారికి కళ్ళజోడు పోయింది. పోస్టాఫీసు గుమాస్తా భార్య పెళ్ళిగౌను ఆరేస్తే దాని చెయ్యి ఒకటి పోయింది. అయితే వాటిల్లో దేన్లోనూ ఒకరి నిశ్చితార్థం లేదు. ఎనిఫా డిస్కులో లిన్నెస్ నిశ్చితార్థం మొత్తం ఉంది, నాలుగొందల పన్నెండు ఫొటోలు.

ఎనిఫాకి ముప్ఫై ఆరేళ్ళు. పదకొండేళ్ళుగా ఫొటోలు తీస్తోంది. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, పట్టా పుచ్చుకునే పిల్లలు, సమాధిరాయి నిలబెట్టే రోజులు, ఏ పనికి పిలిచినా వెళ్ళేది. మంచి చెయ్యి. వెలుతురు సంగతి ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని తోటి ఫొటోగ్రాఫర్లే ఒప్పుకునేవారు. ఆవిడకి తెలియనిదల్లా తీసిన ఫొటోల్ని దాచుకోవడం. కెమెరా కార్డు నిండితే కంప్యూటర్లోకి లాగేది, కంప్యూటర్ నిండితే డిస్కులోకి లాగేది. కాపీ అనే మాట ఎరగదు. ఇక్కడ కత్తిరించి అక్కడ అతికించేది. వెనకాల జాగా ఖాళీ అయితే ఇల్లు ఊడ్చి ముగ్గేసినంత హాయిగా ఉండేది ఆవిడకి.

ఆ మంగళవారం పొద్దున ఆల్బం అచ్చు వేయించడానికి బయల్దేరింది. వానొచ్చేట్టుందని డిస్కుని ప్లాస్టిక్ సంచిలో పెట్టింది. దారిలో నాలుగు మందాజీలు కొంది. నూనెలోంచి అప్పుడే తీశారు, తియ్యటి వాసన కొడుతున్నాయి. వాటినీ అదే సంచిలో వేసింది. వాగు మీది వంతెన గోడెక్కి కూర్చుని జేబురుమాలు వెతుక్కుంటూ ఉంటే పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టయింది.

"కాస్త అటు జరగండి" అంది తల తిప్పకుండానే.

పక్కనున్నది జరిగింది. సంచితో సహా జరిగింది.

తిరిగి చూసేసరికి కోతి వాగు మధ్యలో బండ మీద ఉంది. కుక్కమూతి, బూడిదరంగు ఒళ్ళు, పెద్దమనిషిలా కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. మందాజీల్ని ఒక్కొక్కటీ తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, తీరిగ్గా తినేసింది. ఆ తర్వాత డిస్కుని తీసింది.

"అది నీకు పనికిరాదు! లిన్నెస్‌ది అది!" అని కేకేసింది ఎనిఫా. ఎందుకలా అందో ఆవిడకే తెలియదు. లిన్నెస్ ఎవరో కోతికి తెలిసే అవకాశం లేదు.

కోతి డిస్కుని వాసన చూసింది. కొరికింది. మందాజీ కాదని తేలాక, మోసపోయినట్టు ఎనిఫా వంక ఒక చూపు చూసి నీళ్ళలోకి విసిరేసింది.

మోకాటిలోతు నీళ్ళలో దిగి, పావుగంట వెతికి, డిస్కుని బయటికి తీసింది ఎనిఫా. చెప్పు ఒకటి వాగులో కొట్టుకుపోయింది. ఒంటి చెప్పుతోనే బజార్లో జైలోసి కొట్టుకి వెళ్ళింది.

జైలోసి రేడియోలు, ఫోన్లు, ఇస్త్రీపెట్టెలు, కంప్యూటర్లు ఏవి తెచ్చినా బాగుచేస్తాడు. అరవై దాటాయి. కళ్ళజోడుకి ఒకవైపు పుల్ల విరిగితే రబ్బరు బ్యాండు వేసి చెవికి తగిలించుకున్నాడు. డిస్కుని వెలుతురుకెత్తి చూశాడు.

"దీన్నెవరో కొరికారు."

"కొరికింది."

"కోతా?"

"కోతే."

"పెద్దదా, చిన్నదా?"

"అది తెలిస్తే బాగవుతుందా బాంబో?" అంది ఎనిఫా. ఆ ఊళ్ళో పెద్దమనుషుల్ని అలాగే పిలుస్తారు.

"బాగవడానికి కాదమ్మా. పంటి గుర్తులు చూస్తే మగదే అనిపించింది. నా అంచనా సరేనా కాదా అని అడిగా." డిస్కుని ఊపాడు. లోపల నీళ్ళు గలగలమన్నాయి. "ఇంకో కాపీ ఉందా?"

"లేదు."

"కంప్యూటర్లో?"

"కత్తిరించేశాను."

"కెమెరా కార్డులో?"

"అది తుడిచేసి ఆదివారం బాప్తిస్మం తీశాను. పదిహేడు మంది పిల్లలు."

జైలోసి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆయన కళ్ళజోడు తీశాడంటే సామాను పోయినట్టే అని బజారంతా ఎరుగుదురు.

"అమ్మా ఎనిఫా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. మీ ఇంట్లో విత్తనం మొక్కజొన్న ఎక్కడ దాస్తారు?"

"విత్తనమా? కొన్ని కంకులు పొయ్యి పైన పొగలో కడతాం. కొన్ని గాదెలో. కొన్ని వేరే ఊళ్ళో చుట్టాలింట్లో."

"అన్నీ ఒకేచోట ఎందుకు పెట్టరు?"

"పురుగు పడితేనో? ఇల్లంటుకుంటేనో? అంతా పోదూ? మరీ తెలివితక్కువగా..." అంటూ ఆగిపోయింది ఎనిఫా.

జైలోసి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"కార్డు ఇచ్చి వెళ్ళు. పైన బాప్తిస్మం కూర్చుంది, కిందేమన్నా మిగిలిందేమో గోకి చూస్తాను. గురువారం రా. ఇంటికెళ్ళేముందు చెప్పులు కొనుక్కో."

గురువారం వెళ్తే ఒక్క ఫొటో దొరికిందన్నాడు. ఒక్కటే, కానీ చెక్కుచెదరకుండా వచ్చింది. తెర మీద నిండుగా ఒక కోడిపుంజు. ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోక, పక్కకి తిరిగి ఒంటికన్నుతో కెమెరాలోకి చూస్తోంది. వెనకాల ఎవరిదో టై అంచు కనిపిస్తోంది, మనిషి లేడు.

"చక్కటి ఫొటో" అన్నాడు జైలోసి మనస్ఫూర్తిగా. "వెలుతురు ఈకలమీద ఎట్లా పడిందో చూడు."

*

లిన్నెస్ వాళ్ళది దొమాసి. జోంబా నుంచి మినీబస్సులో కాసేపే గాని ఎనిఫాకి ఆ రోజు దారి చాలా పొడుగనిపించింది. ఆ ఇంట్లో మాట చెల్లేది లిన్నెస్ మేనమామ సితోలోది. వ్యవసాయశాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పిల్ల సంబంధం మాట్లాడిందీ, నిశ్చితార్థం రోజున ఆడపెళ్ళివారి పెద్దగా నిలబడిందీ ఆయనే. ఆల్బంలోంచి ఒక ఫొటో పెద్దది చేయించి తగిలించాలని ముందుగదిలో గోడ ఖాళీ చేయించి, మేకు కూడా కొట్టించి ఉంచాడు.

ఎనిఫా ఆ మేకు కిందే కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. లిన్నెస్ గుమ్మంలో నిలబడి వింటోంది.

"కోతి క్షమాపణ చెప్పిందా?" అన్నాడు సితోలో అంతా విని.

"లేదు బాంబో."

"నువ్వు చెప్తున్నావా?"

"అందుకే వచ్చాను."

"సరే. ఇద్దరిలో ఒకరన్నా చెప్పారు."

తీసుకున్న డబ్బు తిరిగిచ్చేస్తానంది ఎనిఫా. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"డబ్బుని ఆ మేక్కి తగిలించుకోనా? మళ్ళీ చేద్దాం."

"ఏంటి మళ్ళీ చేసేది?"

"నిశ్చితార్థం. అదే బట్టలు, అదే జనం, అదే మాటలు. నువ్వు మళ్ళీ తియ్యి. ఏదీ, మిగిలిన ఫొటో చూపించు."

ఎనిఫా చూపించింది. సితోలో చాలాసేపు చూశాడు. ఆ టై తనదే.

"బాగుంది. ఇదీ ఆల్బంలో ఉండాలి. కాబట్టి పుంజు కూడా అదే కావాలి."

"అదెక్కడుంది మావయ్యా? తినేశాం కదా" అంది లిన్నెస్ గుమ్మంలోంచి.

"ఎవరు తిన్నారు?"

"నువ్వే. మీ అమ్మకి కాలు ముక్క కూడా ఇవ్వలేదు, ఆవిడ ఇప్పటికీ చెప్తోంది."

సితోలో గొంతు సవరించుకున్నాడు. "అయితే దానిలాంటిదే కావాలి. ఒకే నిశ్చితార్థంలో రెండు రకాల పుంజులు కనిపిస్తే రేపు చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

ఆ చుట్టుపక్కల నిశ్చితార్థం అంటే కోళ్ళు మార్చుకోవడమే. మగపెళ్ళివారు పుంజునిస్తారు, ఆడపెళ్ళివారు పెట్టనిస్తారు. రెండువైపుల మేనమామలూ వాటిని చేతులు మారుస్తారు. పుంజు తేవలసింది మగపెళ్ళివారు గనక పెళ్ళికొడుకు మేనమామ నమసాసుకి కబురు వెళ్ళింది. బుధవారం ఆయన వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, ఎప్పుడూ ముదురాకుపచ్చ కోటు వేసుకుంటాడు, ప్రతి మాటనీ చట్టం చదివినట్టు చదువుతాడు. వరండాలో ఇద్దరు మేనమామలూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఎనిఫా మధ్యలో పీట మీద కూర్చుంది, ముద్దాయిలాగా.

"పుంజు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు నమసాసు. "చిక్కంతా పెట్టతో. పోయినసారి మీరిచ్చిన పెట్ట మా ఇంట్లో పదకొండు గుడ్లమీద పొదుగుతోంది. ఇప్పుడు దాన్ని మీరు మాకివ్వాలంటే, ముందు మేము మీకివ్వాలి."

"ఇవ్వండి."

"ఇస్తే సంబంధం వద్దని తిప్పికొట్టినట్టు."

"అబ్బ, ఫొటో కోసమే కదయ్యా!"

"ఫొటో కోసమని పెట్టకి తెలుసా?"

"పోనీ వేరే పెట్టనిస్తాం."

"వేరే పెట్టంటే వేరే సంబంధం. ఒకసారి పెట్టని పుచ్చుకున్నాం, మళ్ళీ ఇంకో పెట్టని పుచ్చుకుంటే మావాడికి రెండో పెళ్ళామొచ్చినట్టు. మావాడికి ఇద్దరొద్దు."

"ఇద్దరెక్కడయ్యా, ఇద్దరూ లిన్నెసే కదా!"

"రెండుసార్లు లిన్నెస్. అది ఇంకా కష్టం."

నమసాసు చెప్పిన ఆచారం నిజంగా ఉందో, అప్పటికప్పుడు ఆయనే కల్పించాడో ఎవరికీ తెలియదు. కానీ అంత గట్టిగా చెప్పేసరికి ఎవరికీ కాదనే ధైర్యం చాలలేదు. చీకటి పడకముందే ఒక ఒప్పందానికొచ్చారు. శనివారం పొద్దున ఎనిమిదికి పెట్టని గుడ్లతో సహా తిరిగిస్తారు. పదింటికి తంతులో మళ్ళీ పుచ్చుకుంటారు. ఆ రెండు గంటలూ లిన్నెస్‌కీ పెళ్ళికొడుకు వైసన్‌కీ నిశ్చితార్థం లేనట్టే. ఆ సమయంలో ఎవరూ గేటు దాటి వెళ్ళకూడదు.

ఎనిఫా చేతిపుస్తకంలో రాసుకుంది: ఎనిమిది నుంచి పది, సంబంధం లేదు. పెట్ట ఫొటో తియ్యాలి.

*

శనివారం ఏడున్నరకే జనం దిగారు. అందరూ అప్పటి బట్టల్లోనే వచ్చారు. ఒక అత్తగారికి ఈమధ్యనే ముందుపన్ను ఊడింది. ఆవిణ్ణి నోరు మూసుకుని నవ్వమన్నారు. పోయినసారి వచ్చిన చుట్టం ఒకాయన బ్లాంటైర్లో పని ఉండి రాలేనని కోటు పంపించాడు. దాన్ని పక్కింటాయనకి తొడిగి, వీపు మాత్రమే కనిపించేట్టు నిలబెట్టారు. లిన్నెస్ అమ్మమ్మ మాత్రం మంచం దిగలేదు.

"నేను ఒకసారి చిందేశాను. చూడవలసినవాళ్ళు చూశారు" అంది.

"ఫొటో పోయిందే అమ్మా" అని సితోలో బతిమాలాడు.

"నా మోకాలూ పోయింది. దాన్నెవడు తెచ్చిస్తాడు?"

ఎనిమిదికి నమసాసు వాళ్ళు బుట్టలో పెట్టని తెచ్చారు. పెట్ట గుడ్లమీంచి కదలకుండా, ముట్టుకున్నవాణ్ణల్లా పొడుస్తూ వచ్చింది. సితోలో రెండు చేతులా బుట్టని అందుకున్నాడు. నమసాసు గడియారం చూసుకుని, "ఈ క్షణం నుంచీ మనకీ మీకూ ఏమీ లేదు" అని ప్రకటించాడు. ఆ వెంటనే, ఏమీ లేని ఆ మనుషులందరికీ తీపి థోబ్వా గ్లాసుల్లో పోసి ఇచ్చారు.

ఎనిఫా పెరటివైపు వెళ్ళి మెట్టు మీద కూర్చుని కెమెరా తుడుచుకుంటోంది. లిన్నెస్ వచ్చి పక్కన కూర్చుంది. ఒంటిమీద నీలం చితేంజె కట్టు, కాళ్ళకి చెప్పుల్లేవు. ఇరవై మూడేళ్ళ పిల్ల. జోంబాలో టీచర్ల కాలేజీలో చదువుతోంది, ఇంకా ఒక్క ఏడాది మిగిలి ఉంది.

"అక్కా, ఇప్పుడు నేను ఎవరికీ ఏమీ కానట్టే కదా?"

"పదింటి దాకా."

"హాయిగా ఉంది." కాసేపు కాలివేళ్ళతో మట్టి గీసింది. "అక్కా, పోయినసారి మావయ్య నన్ను అడిగాడు చూడు, ఒప్పుకుంటావా అని. నేనేమన్నాను?"

"అవునన్నావు కదా."

"నువ్వు విన్నావా?"

ఎనిఫా ఆలోచించింది. వినలేదు. లిన్నెస్ తలొంచుకుని ఏదో గొణిగింది. "అవునంటోంది!" అని సితోలో గట్టిగా అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"నాకూ గుర్తులేదక్కా. అవునన్నానో, ఆగమన్నానో. రెంటికీ పెదాలు వేరేగా కదులుతాయి కదా, నీ ఫొటోల్లో చూసి తెలుసుకుందామనుకున్నా. అందుకే ఆల్బం ఎప్పుడిస్తావని నీకు అన్నిసార్లు ఫోన్ చేశా."

అన్నిసార్లు ఫోన్ వచ్చిన మాట నిజమే. పెళ్ళికూతురి ఆత్రం అనుకుంది ఎనిఫా.

"డిస్కు ఉన్నా నీకు తెలిసేది కాదు తల్లీ" అంది చివరికి. చెప్పక తప్పలేదు. "ఆ క్షణంలో నేను పుంజుని తీస్తున్నాను."

లిన్నెస్ ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ తర్వాత మొదలుపెట్టి ఆపకుండా నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. ఆ నీళ్ళు నవ్వుతో వచ్చినవో కాదో ఎనిఫాకి అర్థం కాలేదు. "ఈసారి పుంజుని తియ్యకు" అని లేచి వెళ్ళిపోయింది.

*

పదింటికి రెండువైపులవాళ్ళూ చాపలమీద ఎదురెదురుగా కూర్చున్నారు. పెళ్ళికొడుకు వైసన్ లిలోంగ్వేలో టైర్ల కొట్టు చూసుకుంటాడు. బొద్దుగా, మెత్తగా ఉంటాడు. మేనమామల మాటలకి తలూపి తలూపి అతని మెడ అటే వంగిపోయినట్టుంటుంది.

నమసాసు పుంజుని తెచ్చాడు. ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోక, ఫొటోలో దానికి కవలలా ఉంది. సితోలో మురిసిపోయి దాన్ని చంకలో పెట్టుకోబోయాడు. పుంజు ఒక్కసారి ఒళ్ళు విదిలించింది. ఎర్రటి దుమ్ము మేఘంలా లేచి సితోలో తెల్లచొక్కా మీద వాలింది. పుంజు తెల్లబడింది.

"ఇది తెల్లపుంజు!" అన్నాడు సితోలో తుమ్ముతూ.

"ఎర్రమన్ను, బొగ్గు. రెండ్రోజులు పట్టింది" అన్నాడు నమసాసు, ఏమాత్రం తగ్గకుండా. "విదిలించుకోకుండా ఉంటే నీకు తెలిసేదా?"

జనం విరగబడి నవ్వారు. పన్ను ఊడిన అత్తగారు కూడా నోరు తెరిచి నవ్వింది. ఎనిఫా అన్నీ తీసింది. ఎలాగో మనుషుల్ని మళ్ళీ కూర్చోబెట్టి, సితోలో చొక్కా దులుపుకుని, అడగవలసిన మాట అడిగాడు.

"లిన్నెస్, వీళ్ళెవరో నీకు తెలుసా? వీళ్ళ పుంజుని మమ్మల్ని తీసుకోమంటావా?"

ఎనిఫా కెమెరాలో పుంజు లేదు. లిన్నెస్ ముఖం ఒక్కటే ఉంది.

"ఆగు మావయ్యా" అంది లిన్నెస్.

"అవునంటోంది!" అని అరిచాడు సితోలో అలవాటుకొద్దీ. వెంటనే, "ఏమిటీ?" అన్నాడు.

లిన్నెస్ లేచి నిలబడింది. "ఆగమన్నాను. నాకింకా ఏడాది చదువుంది. అది మానేసి లిలోంగ్వే రమ్మన్నారు. నేను రాను. చదువయ్యేదాకా జోంబాలోనే ఉంటాను, ఆ తర్వాత ఎక్కడికైనా వస్తాను. వైసన్ ఒప్పుకుంటే పుంజుని తీసుకో. లేకపోతే దాని ఒళ్ళు కడిగి ఇంటికి పంపించు."

నమసాసు ఎగిరి లేచాడు. "పోయినసారి ఈ మాట లేదు! జరిగింది జరిగినట్టు చెయ్యాలని కదా ఒప్పందం! ఇది ఫొటోల్లో రాకూడదు!"

"పోయినసారి ఫొటోలే లేవు కదయ్యా. ఉందో లేదో ఎలా చెప్తావు?" అన్నాడు సితోలో. తన మేనకోడలి వైపు మాట్లాడుతున్నానని ఆయనకే కొంచెం ఆలస్యంగా తెలిసింది.

అందరూ వైసన్ వంక చూశారు. వైసన్ చాప వంక చూశాడు.

"నువ్వు పోయినసారే చెప్తే బాగుండేది" అన్నాడు మెల్లగా.

"చెప్పానేమో. ఎవరూ వినలేదు."

అంతలో బుట్టలోంచి సన్నగా కిచకిచమని వినిపించింది. సితోలో వంగి చూశాడు. పెట్ట రెక్క కిందనుంచి తడితడిగా ఒక తల బయటికొచ్చింది. ఆ పక్కనే ఇంకో గుడ్డు చిట్లుతోంది.

"పిల్లలు!" అన్నాడు సితోలో, ముఖం వెలిగిపోతూ. "పెట్ట ఇప్పుడు మాది. అంటే పిల్లలూ మావే."

నమసాసు గడియారం చూసుకున్నాడు. పది దాటి పన్నెండు నిమిషాలు. పెట్ట ఇంకా చేతులు మారలేదు. ఆయన చెప్పిన చట్టం ఆయన మెడకే చుట్టుకుంది.

"గుడ్లు మా ఇంట్లో పెట్టినవి!"

"పొద్దున తిరిగిచ్చావు. సంబంధం లేదన్నావు. గడియారం చూసి మరీ అన్నావు."

మూడో పిల్ల వచ్చింది.

"వైసన్!" నమసాసు మేనల్లుడి భుజం పట్టుకుని ఊపాడు. "ఒప్పుకోరా! చదువుకోనియ్! ఏడాదెంతరా, కళ్ళు మూసి తెరిస్తే అయిపోతుంది! అవతల పిల్లలు పోతున్నాయి!"

వైసన్ నవ్వడం ఎనిఫా మొదటిసారి చూసింది. అతను లేచి, మేనమామని దాటుకుని లిన్నెస్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నేను కోడిపిల్లల కోసం ఒప్పుకోవడం లేదు" అన్నాడు. "నెలకి రెండుసార్లు బస్సులో వస్తాను. సెలవులకి నువ్వు రా. ఇదివరకు నిన్ను అడగవలసింది. అడగలేదు."

"ఇప్పుడు అడుగు మావయ్యా" అంది లిన్నెస్ సితోలోతో.

సితోలో అడిగాడు.

"అవును!" అంది లిన్నెస్. ఆ అవును అవతలి చేలో కలుపు తీస్తున్నవాళ్ళకి కూడా వినిపించి, నడుములెత్తి చూశారు. ఎనిఫా వేలు కెమెరా మీంచి కదలలేదు. ఆ ఒక్క అవునుకి తొమ్మిది ఫొటోలు వచ్చాయి. పెదాలు తెరుచుకోవడం నుంచి పళ్ళన్నీ కనిపించేదాకా, దేన్లోనూ అనుమానానికి చోటు లేదు.

ఆ గోలకి లోపల మంచం కిర్రుమంది. అమ్మమ్మ కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "పోయినసారికంటే ఇదే బాగుంది, నేను లేకుండా ఎలా చేస్తారు?" అని, కర్ర గోడకి ఆనించి, నడుం ఊపింది. మోకాలి మాట ఎవరూ ఎత్తలేదు.

*

భోజనాలకి పిలిచినా ఎనిఫా లేవలేదు. ముందుగదిలో బల్ల మీద కంప్యూటర్ తెరిచి కార్డు పెట్టింది. రెండు కొత్త డిస్కులు పక్కన ఉన్నాయి. ఒక్కో మేనమామ ఒక్కో భుజం మీదనుంచి తొంగిచూస్తూ నిలబడ్డారు, ఎన్నికల పెట్టెలు తెరిచినప్పుడు నిలబడ్డట్టు. జైలోసినీ పిలిచారు. ఆయన మూలన కూర్చుని న్సిమా ముద్దని చేపలపులుసులో ముంచుకుంటూ చూస్తున్నాడు.

"ఇప్పుడు చేస్తున్నది కాపీయేనా?" అన్నాడు సితోలో.

"కాపీయే."

"కత్తిరించడం లేదుగా?" అన్నాడు నమసాసు.

"లేదు బాంబో. చూడండి, కార్డులో ఉన్నవి కార్డులోనే ఉన్నాయి."

కంప్యూటర్లో ఒకటి, ఒక డిస్కులో ఒకటి, రెండో డిస్కులో ఒకటి. అయిపోయాక ఎనిఫా ఊపిరి పీల్చుకుని, చెయ్యి కడుక్కోవడానికి లేవబోయింది.

"తెరిచి చూశావా?" అన్నాడు జైలోసి మూలనుంచి.

"ఎక్కినట్టు చూపించింది కదా."

"సంచి బరువుగా ఉంటే సరా? లోపల గింజలో రాళ్ళో చూసుకోవద్దూ?"

ఎనిఫా మళ్ళీ కూర్చుంది. రెండు డిస్కులూ తెరిచింది. ఐదొందల ముప్ఫై ఫొటోలు, రెండింట్లోనూ. ఎర్రదుమ్ము మేఘం వచ్చినప్పుడల్లా సితోలో, "అది తీసెయ్యకు, ఉండనీ" అన్నాడు. అప్పుడు గాని జైలోసి తలూపలేదు.

ఒక డిస్కు ఈ ఇంట్లో ఉండాలన్నాడు సితోలో. మా ఇంట్లో ఉండాలన్నాడు నమసాసు. వాళ్ళప్పటికే మొదట పుట్టిన మూడు పిల్లలు ఎవరివన్న దానిమీద మాటలు మానేశారు. ఒకరితో ఒకరు చెప్పవలసింది ఎనిఫాకి చెప్తున్నారు.

"మంచిదే" అన్నాడు జైలోసి చేతులు కడుక్కుంటూ. "మాటల్లేని రెండిళ్ళలో ఉంటే ఒకే గొడవలో రెండూ పోవు."

అలా రెండు డిస్కులూ రెండిళ్ళకి పోయాయి. జనవరి వెళ్ళాక లిన్నెస్ కాలేజీ హాస్టల్‌కి వెళ్ళింది. వైసన్ నెలకి రెండుసార్లంటే రెండుసార్లూ వచ్చాడు. గోడమీది మేక్కి అవునన్న ఫొటో ఎక్కింది, సితోలో టై అంచు కూడా లేకుండా. ఆయన దానికి వారం రోజులు అలిగి, తర్వాత వచ్చినవాళ్ళందరికీ చూపించడం మొదలుపెట్టాడు.

ఎనిఫా మటుకు ఆదివారం చర్చి నుంచి రాగానే ఇంకో పని ముట్టకుండా వారం ఫొటోలన్నీ రెండు డిస్కుల్లోకి కాపీ చేసేది. తెరిచి చూసేది. ఒకటి ఇంట్లో ఉంచుకుని ఇంకో దాన్ని గుడ్డలో చుట్టి, బలాకాలో ఉన్న అక్క ఫలేసికి మినీబస్సు డ్రైవరు చేత పంపేది. ఫలేసి దర్జీ పని చేస్తుంది. దాచమని పంపిన డిస్కుని ఆవిడ దాచి ఊరుకోలేదు. పెద్దకూతురి కంప్యూటర్లో పెట్టించుకుని మొదటినుంచి చివరిదాకా చూడసాగింది. మంగళవారం మంగళవారం ఫోన్ వచ్చేది.

"ఆ ఆకుపచ్చకోటు పొడుగాయన ఎవరే? బొత్తాం ఒకటి ఊడింది. నలభై ఫొటోల్లో ఊడే ఉంది."

"నమసాసని, పెళ్ళికొడుకు మేనమామ. నేను గమనించలేదక్కా."

"పదకొండేళ్ళుగా ఏం చూసి తీస్తున్నావే?"

ఎనిఫా తీసిన ఫొటోలన్నిటినీ ఒక్కటీ వదలకుండా చూసిన మనిషి ఇంతవరకూ ఎవరూ లేరు, ఆవిడతో సహా.

"ఇంకా చెప్పక్కా" అని, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రాసుకోవడానికి పెన్సిలు వెతుక్కుంది.

"రాసుకో. మూడో వరసలో పసుప్పచ్చ గౌను, అంచు కుట్టు వంకర..."